క్లబ్బులో నలుగురిదీ ఒకే పడవ, నేషనల్స్‌కి మాత్రం ఇద్దరే. ఇదేం పద్ధతి?

తంపర_నాన్న
మాది ఛత్రపురం. మావాడు ప్లస్ టూ చదువుతూ తంపర సరస్సు మీద ఒక చిన్న క్లబ్బులో రోయింగ్ చేస్తాడు. వాళ్ళది జూనియర్ క్వాడ్. అంటే నలుగురు కుర్రాళ్ళు, ఒక్కొక్కడి చేతిలో రెండేసి తెడ్లు, చుక్కాని పట్టడానికి వేరే మనిషి ఉండడు. ఈ నలుగురూ ఎనిమిదో తరగతి నుంచి ఒకే పడవలో ఉన్నారు. రాష్ట్ర ట్రయల్స్‌లో వీళ్ళదే మొదటి స్థానం. ఎవరూ దగ్గరికి కూడా రాలేదు.

ఆ తర్వాత అందర్నీ ఎర్గో మిషను (గట్టు మీదే తెడ్డు లాగినట్టు లాగే యంత్రం) మీద కూర్చోబెట్టి రెండు వేల మీటర్లు లాగించారు. ఆ టైములు చూసి జాబితా వేశారు. మావాడి పేరుంది, ఇంకొకడి పేరుంది. మిగతా ఇద్దర్నీ తీసేసి వాళ్ళ చోట వేరే ఊరి హాస్టల్ పిల్లలిద్దర్ని పెట్టారు. పూణేలో జరిగే నేషనల్స్‌కి వెళ్ళేది ఈ కలిపికుట్టిన జట్టు. రాష్ట్రం పేరుతోనే వెళ్తారు, క్లబ్బు పేరు ఎక్కడా కనపడదు.

మావాడు ఆ జాబితా చూసినప్పటి నుంచి కంచం ముందు కూర్చుని అన్నం కెలకడమే తప్ప తినడం లేదు. వాళ్ళిద్దరూ లేకపోతే నేనూ వెళ్ళనంటున్నాడు. బలవంతంగా పంపాలా? క్లబ్బు జట్టుని జట్టుగా పంపే దారే లేదా మన దేశంలో?

బరంపురం_బుల్లోడు
కొడుకు సెలెక్ట్ కాలేదని ఏడ్చే తండ్రులు వీధికొకడు ఉంటారు. అయ్యాడని ఏడ్చే తండ్రిని మొదటిసారి చూస్తున్నాను.

తంపర_నాన్న
నవ్వండి బాబూ నవ్వండి. తీసేసిన ఇద్దర్లో ఒకడు మా ఎదురింటి పిల్లాడే. పొద్దున్న పాలకి వెళ్తే వాళ్ళ నాన్న ఎదురవుతున్నాడు, ఆయన ముఖం చూడలేకపోతున్నాను.

ఖల్లికోట_మాస్టారు
ముందు పద్ధతి సంగతి చెప్తాను, న్యాయం సంగతి తర్వాత చూద్దాం. జాతీయ పోటీలకి ఎంట్రీలు రోయింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాకి అనుబంధంగా ఉన్న రాష్ట్ర సంఘాల నుంచీ, సర్వీసెస్ (సైనిక దళాల జట్టు) లాంటి సంస్థల నుంచీ వెళ్తాయి. క్లబ్బుకి నేరుగా తలుపు లేదు. క్లబ్బు పని పిల్లల్ని తయారుచేసి రాష్ట్రానికి అప్పగించడం వరకే.

ఇందులో విడ్డూరం ఏమిటంటే మన దేశంలో ఈ ఆట పుట్టిందే క్లబ్బుల్లో. కలకత్తా రోయింగ్ క్లబ్ 1858 నాటిది, మద్రాస్ బోట్ క్లబ్ 1867, పూణేలో రాయల్ కన్నాట్ బోట్ క్లబ్ 1868. మద్రాసు వాళ్ళకీ కొలంబో వాళ్ళకీ మధ్య పందెం 1898లోనే మొదలైంది. ఫెడరేషన్ వచ్చింది 1976లో. అంటే వందేళ్ళకి పైగా క్లబ్బు రంగు చొక్కా వేసుకుని ఆడిన ఆట ఇది.

ఐర్లండులో ఇప్పటికీ అలాగే ఉంది. కార్క్ దగ్గర ఇనిస్కారా సరస్సు మీద వాళ్ళ జాతీయ పోటీలు జరుగుతాయి. సీనియర్లు, ఇంటర్మీడియట్, క్లబ్, కొత్తవాళ్ళు, జూనియర్ 18, జూనియర్ 16, అన్నీ వేర్వేరు వర్గాలు. దిగేవి క్లబ్బు జట్లే. ఏ ఊరి క్లబ్బు ఎన్ని టైటిళ్ళు కొట్టిందో ఆ ఊళ్ళో ముసలమ్మలు కూడా చెప్తారట. స్కిబరీన్ అనే ఊరు మన ఛత్రపురం కంటే చాలా చిన్నది. ఆ ఊరి క్లబ్బు నుంచి అన్నదమ్ములిద్దరు, ఓడోనవన్‌లు, రియో ఒలింపిక్స్‌లో వెండి తెచ్చారు. వాళ్ళలో పాల్ అనేవాడు, అదే క్లబ్బులోని ఫింటన్ మెకార్తీతో కలిసి టోక్యోలో బంగారం, పారిస్‌లో మళ్ళీ బంగారం కొట్టాడు. కలిసి పెరిగిన పిల్లల్ని విడదీయకుండా ఉంచితే ఏమవుతుందో దానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కటక్_కాక్స్
మాస్టారూ, మీతో సగమే ఏకీభవిస్తాను. నేను చాలా ఏళ్ళు ఎయిట్‌లో, అంటే ఎనిమిది మంది లాగే పడవలో, కాక్స్‌గా, అంటే చుక్కాని పట్టే మనిషిగా కూర్చున్నదాన్ని. పుట్టింది పర్లాకిమిడిలో, పడవ ఎక్కింది కటక్‌లో.

ఆ స్కిబరీన్ వాళ్ళు క్లబ్బు వాళ్ళే, కానీ ఒలింపిక్స్‌కి వెళ్ళింది జాతీయ సెలక్షన్‌లో నెగ్గి. పాల్‌కి జోడీగా మొదట అన్న ఉన్నాడు, తర్వాత ఫింటన్ వచ్చాడు. అంటే అక్కడా మనిషిని మార్చారు. ఆ మార్పు వల్లే వెండి బంగారమైంది.

మన దగ్గర చూడండి. 2018 జకార్తా ఏషియాడ్‌లో దత్తు భోకనల్ సింగిల్స్ (ఒక్కడే లాగే పడవ) ఫైనల్లో వెనకపడిపోయాడు, ఒంట్లో బాగాలేదు. మర్నాడే సవర్ణ్ సింగ్, ఓంప్రకాశ్, సుఖ్‌మీత్‌లతో కలిసి క్వాడ్‌లో బంగారం. నలుగురూ ఒకే వీధిలో పెరిగినవాళ్ళు కారు. ఒకే క్యాంపులో, ఒకే కోచ్ కింద, ఒకే లయ నేర్చుకున్నవాళ్ళు. ‘కొత్తవాళ్ళు కలవరు’ అనేది నిజం కాదు. కలపడానికి టైము ఇచ్చారా లేదా అన్నదే ప్రశ్న.

నాకు నచ్చనిది ఎర్గో టైము ఒక్కటే పట్టుకుని జాబితా వేయడం. ఎర్గో ఒంట్లో ఉన్న ఇంజను ఎంతదో చెప్తుంది. నీళ్ళలో బ్లేడు ఎప్పుడు దించాలో, సీటు వెనక్కి జారేటప్పుడు పడవ వేగాన్ని చంపకుండా ఎలా జారాలో చెప్పదు. పైగా బరువైన కుర్రాడికి మిషను మీద లాభం, పడవలో ఆ బరువు మోయాల్సింది మిగతా ముగ్గురూ.

తంపర_నాన్న గారూ, సీట్ రేస్ పెట్టారా లేదా?

తంపర_నాన్న
అదేమిటమ్మా?

కటక్_కాక్స్
రెండు క్వాడ్లు పక్కపక్కన పెట్టి ఒకే స్ట్రోక్ రేటులో లాగిస్తారు, నిమిషానికి ముప్పై అనుకోండి. ఎంత తేడా వచ్చిందో రాసుకుంటారు. ఈ పడవలోంచి ఒకణ్ణి, ఆ పడవలోంచి ఒకణ్ణి మార్చి మళ్ళీ లాగిస్తారు. మిగతా ఆరుగురూ అక్కడే ఉంటారు కాబట్టి, తేడా పెరిగినా తగ్గినా అది ఆ ఇద్దరి వల్లే. ఎవడు పడవని నడుపుతున్నాడో, ఎవడు పడవ మీద కూర్చుని వస్తున్నాడో తెలిసిపోతుంది. కాగితం మీద అర్జీ పెట్టి అడగండి. అరిచి కాదు, మర్యాదగా.

గోపాల్‌పూర్_సరంగు
మాది వేట కుటుంబం. మా గుంటల్ని ఎవరు సెలెక్ట్ చేస్తారు చెప్పండి? తెల్లారి మూడు గంటలకి కెరటాలు విరిగే చోట బోటు దాటించాలంటే ఎవడు ఎప్పుడు తోస్తాడో, ఎవడు ఎప్పుడు ఎగిరి కూర్చుంటాడో మాట్లాడుకోకుండా తెలియాలి. కొత్తవాణ్ణి ఒక్కణ్ణి పెట్టామంటే బోటు అడ్డం తిరుగుద్ది. నేను తండ్రి గారి వైపే.

అన్నట్టు మా మేనల్లుణ్ణి ఒకసారి రోయింగ్ సెలక్షన్‌కి తీసుకెళ్ళాం. భుజాలు చూసి వాళ్ళు తెగ ముచ్చటపడ్డారు. పడవ ఎక్కి వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చోమంటే వాడు ఒప్పుకోలేదు. ‘ఎదర ఏముందో చూడకుండా ఎవడైనా బోటు తోల్తాడా మావా’ అని దిగిపోయాడు.

బరంపురం_బుల్లోడు
సరంగు గారి మేనల్లుడికి నా ఓటు.

ఎర్గో_బాధితుడు
నేను కాలేజీ రోజుల్లో రెండు వేల మీటర్ల టెస్టు ఇచ్చాను. చివరి ఐదొందల మీటర్లలో కళ్ళ ముందు స్క్రీన్ మీద అంకెలు కూడా కనపడవు. దిగాక మిషను పక్కనే పడుకున్నాను, జూనియర్లు నా మీదుగా దాటుకుని వెళ్ళిపోయారు. ఆ టైము లెక్కలోకి రాకూడదు అంటే మాత్రం నేను ఒప్పుకోను. హాస్టల్ పిల్లలు రోజుకి రెండు పూటలు లాగుతారు. వాళ్ళు కష్టపడి తెచ్చుకున్న టైము అది. వాళ్ళకీ అమ్మానాన్నా ఉంటారు, వాళ్ళూ ఏదో ఒక ఊళ్ళో సంతోషపడి ఉంటారు. ఈ చర్చలో వాళ్ళని ‘కలిపికుట్టిన’ ముక్కల్లా మాట్లాడుతున్నారు, అది బాగాలేదు.

తంపర_నాన్న
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పిల్లల మీద నాకేం కోపం లేదు.

రంభ_రాజ్యం
పక్కదారి ప్రశ్న. మాది రంభ, ఇంటి మేడ ఎక్కితే చిలికా. ఇంత నీళ్ళు పెట్టుకుని మా పిల్లలు రోయింగ్ కోసం కటక్ జగత్‌పూర్ దాకా ఎందుకు వెళ్ళాలి?

కటక్_కాక్స్
చిలికా లోతు చాలా చోట్ల మనిషి ఎత్తు కూడా ఉండదమ్మా. నాచు, గడ్డి. దానికి తోడు రొయ్యల ఘేరీల (పెంపకానికి కట్టిన మడుల) వలలూ, కర్రలూ. రేసింగ్ పడవ అడుగున చిన్న రెక్క ఒకటి ఉంటుంది, అది వలకి తగిలిందంటే ఊడి చేతికొస్తుంది. సరైన కోర్సంటే ఆరు వరసలు, ఒక్కో వరస 13.5 మీటర్ల వెడల్పు, రెండు వేల మీటర్లు తిన్నగా, అడుగున ఎగుడుదిగుడు లేకుండా ఉండాలి. అందుకే జగత్‌పూర్‌లో మహానది మీద సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్ పెట్టారు. 2010లో గ్వాంగ్‌జౌ ఏషియాడ్‌లో ఆడపిల్లల పెయిర్‌లో (ఇద్దరు లాగే పడవ) కంచు తెచ్చిన ప్రతిమా పుహాన్, ప్రమీలా ప్రభా మింజ్ ఇద్దరూ ఒడిశా పిల్లలే.

ఖల్లికోట_మాస్టారు
నీళ్ళున్న చోటల్లా ఈ ఆట నిలవదు, ఆట ఉన్న చోటల్లా నీళ్ళూ నిలవవు. 1982 ఏషియాడ్ రోయింగ్ పోటీలు జైపూర్ దగ్గర రాంగఢ్ సరస్సులో జరిగాయి. ఆ సరస్సు తర్వాత ఎండిపోయింది.

సిరోంచ_శంకరన్న
గడ్చిరోలి నుంచి రాస్తున్న. మా ఊరి ముంగటనే ప్రాణహిత, అవతల కాళేశ్వరం. మేడిగడ్డ బరాజ్ నిండుగున్నప్పుడు ఇక్కడ సముద్రమే, మా తమ్ముడు పిల్లలకి పడవ పోటీలు పెడదామని ఊరంతా తిరిగిండు. 2023 అక్టోబర్‌ల పిల్లర్లు కుంగినయి, నీళ్ళు వదిలేసిన్రు. ఇప్పుడు ఇసుక మీద వాలీబాల్ ఆడుతున్నరు.

దత్తు భోకనల్ పేరు పైన చూసిన. ఆయన నాసిక్ జిల్లాల బావులు తవ్విన మనిషి. 2012ల ఆర్మీల చేరినంకనే పడవ పట్టిండు. 2016 రియోల సింగిల్స్‌ల పదమూడో స్థానం. ఆయనకు క్లబ్బూ లేదు, చిన్నప్పటి దోస్తులూ లేరు. మీ పిలగానికి ఈ ముచ్చట చెప్పుండ్రి.

బరంపురం_బుల్లోడు
శంకరన్నా, అంటే పిల్లాడు దోస్తుల్ని వదిలి బావి తవ్వడానికి వెళ్ళాలా?

సిరోంచ_శంకరన్న
నీ నోటికి దండం తమ్మీ.

అప్పడాలమ్మ
అందరూ పతకాల గురించే మాట్లాడుతున్నారు. నేను తల్లిని, నాకు వేరే టెన్షన్. 2022 మే నెలలో కలకత్తా రవీంద్ర సరోవర్‌లో పందెం కోసం ప్రాక్టీసు చేస్తుంటే కాలవైశాఖి గాలి లేచి పడవ తిరగబడి ఇద్దరు స్కూలు పిల్లలు పోయారు. మా చెల్లెలు కూతురు బరంపురంలో చేరతానంటోంది. ఆ పడవలో పాదాలు బూట్లలో బిగించి ఉంటాయట కదా? తిరగబడితే ఎలా బయటికి వస్తారు?

కటక్_కాక్స్
అమ్మా, మీరు అడగాల్సిందే అడిగారు. ఆ బూట్లు పడవకి బిగించి ఉంటాయి, మడమ దగ్గర ఒక తాడు ఉంటుంది. మడమ కొద్దిగా లేవగానే తాడు బిగిసి బూటు కాలి నుంచి ఊడిరావాలి. ఆ తాడు తెగిపోయినా, మరీ వదులుగా ఉన్నా ప్రమాదమే. ప్రతి రోజూ పడవ దించే ముందు చూడాలి. పడవ ముందు మొనకి తెల్ల రబ్బరు బంతి ఉండాలి, ఎవరికైనా తగిలితే గుచ్చుకోకుండా.

చేర్చే ముందు మీరు చూడాల్సినవి ఇవి. ఈత పరీక్ష పెట్టాకే నీళ్ళలోకి దించుతున్నారా, పిల్లల వెంట మోటారు బోటు వెళ్తోందా, వేసవి సాయంత్రం మబ్బు పట్టగానే పడవలు వెనక్కి పిలుస్తున్నారా. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పంపకండి. పడవ తిరగబడితే మాత్రం పడవని వదిలి ఈదకూడదు, దాన్నే పట్టుకుని ఉండాలి. అది మునగదు.

గోపాల్‌పూర్_సరంగు
ఈ చివరి మాట మా నాన్న కూడా చెప్పేవాడు. తెప్పని వదిలినవాడే పోతాడు.

కోరాపుట్_కుర్రాడు
ఇంతకీ దీనివల్ల ఉద్యోగం వస్తుందా? నేషనల్స్ సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటా ఖాయమా? నేరుగా చెప్పండి.

ఎర్గో_బాధితుడు
ఖాయం ఏదీ లేదు. పోటీ గుర్తింపు ఉన్న ఫెడరేషన్‌ది కావాలి, అది ఏ స్థాయిదో, పతకం వచ్చిందా పాల్గొన్నారా అన్నది చూస్తారు. ఒక్కో నోటిఫికేషన్‌కి ఒక్కో లెక్క. అందుకే తండ్రి గారికి చెప్తున్నా, భావోద్వేగం పక్కన పెట్టి పిల్లాణ్ణి పంపండి. క్లబ్బు పేరున్న కప్పు ఇంట్లో షోకేసులో ఉంటుంది. నేషనల్స్ కాగితం ఫైల్లో ఉంటుంది.

ఇంకో సంగతి. సీనియర్లలోకి వెళ్ళాక క్లబ్బు కుర్రాడికి ఎదురయ్యేది ఎవరు? పూణేలో సీఎంఈ (సైన్యం ఇంజనీరింగ్ కాలేజీ) దగ్గర ఆర్మీ రోయింగ్ నోడ్ అనే శిక్షణ కేంద్రంలో ఏడాది పొడుగునా అదే పని మీద ఉండే జవాన్లు. బజరంగ్ లాల్ తాఖర్ 2010 ఏషియాడ్‌లో సింగిల్స్ బంగారం తెచ్చింది అక్కడి నుంచే. 2023 హాంగ్‌జౌ ఏషియాడ్‌లో మనకి రోయింగ్‌లో ఐదు పతకాలొస్తే అందులో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ సైన్యం వాళ్ళే. పొద్దున్న ఒక గంట లాగేసి ట్యూషన్‌కి పరిగెత్తే నలుగురు స్నేహితులు వాళ్ళని ఆపలేరు.

ఖల్లికోట_మాస్టారు
నా వాదన కూడా అదేనయ్యా! జవాన్లతో పోటీ పెట్టి క్లబ్బు పిల్లాడు ఓడిపోయాడనడం ఏం న్యాయం? పెద్ద నేషనల్స్ అలాగే ఉండనీ. రాష్ట్ర జట్లు వెళ్ళనీ. దానికి తోడుగా క్లబ్బులకంటూ ఒక జాతీయ పోటీ, జూనియర్లకి వేరే, సీనియర్లకి వేరే, పూర్తికాలం శిక్షణలో ఉన్నవాళ్ళు దిగకూడదనే నియమంతో పెట్టమంటున్నాను. ఐర్లండులో కొత్తవాళ్ళకి వేరే వర్గం పెట్టింది ఎందుకు? ఒకసారి నెగ్గినవాడు పై వర్గానికి వెళ్ళిపోవాలి, కింద చోటు ఇంకొకరికి దొరకాలి. అలాంటి మెట్లు ఉంటే తంపరలోనూ, రాజమండ్రిలోనూ, భోపాల్‌లోనూ నలభై ఏళ్ళవాళ్ళు కూడా ఈ ఆట ఆడతారు. ఇప్పుడు పద్దెనిమిది దాటి సెలెక్ట్ కాకపోతే పిల్లాడు తెడ్డు మూలన పెట్టేస్తున్నాడు. మన క్లబ్బుల్లో ముప్పై ఏళ్ళ మనిషి ఎక్కడైనా కనపడ్డాడా మీకు?

కటక్_కాక్స్
ఇదొక్కటి నూటికి నూరుపాళ్ళు నిజం. నాతో లాగిన ఎనిమిది మందిలో ఇప్పుడు పడవ ముట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఒకరు బ్యాంకు, ఒకరు పోలీసు, ఇద్దరు అమెరికా.

పర్లాకిమిడి_ప్రసాదు
పడవల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు మాస్టారూ? కొత్త రేసింగ్ సింగిలే లక్షల్లో మాట. జర్మనీ పసుపు పడవలు, ఇటలీ పడవలు మన క్లబ్బులు ఫొటోల్లో చూడాల్సిందే. కార్బన్ తెడ్డు ఒకటి విరిగితే మా దగ్గర పంచాయితీ పెట్టాల్సి వస్తుంది. మా పాత క్లబ్బులో అయితే విరిగిన తెడ్డుకి పీవీసీ పైపు తొడిగి వాడారు. సెలక్షన్ కమిటీలో ఫలానా వ్యక్తి తన... [మిగతా వాక్యం తొలగించబడింది]

మోడరేటర్
మనుషుల పేర్లు పెట్టి ఆరోపణలు రాయకండి. ఆ వాక్యం తీసేశాను. పీవీసీ పైపు ఉంచాను.

బరంపురం_బుల్లోడు
పీవీసీ పైపుకి మోడరేటర్ రక్షణ దొరికింది.

తంపర_నాన్న
అమ్మాయి చెప్పినట్టే క్లబ్బు లెటర్‌హెడ్ మీద సీట్ రేస్ పెట్టమని మర్యాదగా రాయించాం. నిన్న ఆదివారం పెట్టారు. నేను గట్టు మీదే ఉన్నాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

ఒక పడవలో జాబితాలోని నలుగురు: మావాడు, మా క్లబ్బువాడు ఇంకొకడు, హాస్టల్ పిల్లలిద్దరు. రెండో పడవలో తీసేసిన మా ఇద్దరు, అంటే మా క్లబ్బు పొడుగు కుర్రాడూ, మా ఎదురింటి పిల్లాడూ, వాళ్ళతో మరో ఇద్దరు. వెయ్యి మీటర్లు, నిమిషానికి ముప్పై స్ట్రోకులు దాటకూడదు. మొదటి పందెం జాబితా పడవ ఒకటిన్నర పడవ పొడవుతో నెగ్గింది.

గట్టుకి వచ్చాక అసలు పని. మా పొడుగు కుర్రాడూ, హాస్టల్ కుర్రాడూ సీట్లు మారారు. మా పొడుగువాడు కాళ్ళు పెట్టే చోట ఉండే నట్లు విప్పి, తన కాళ్ళ పొడుక్కి జరుపుకుని బిగిస్తున్నాడు. చెమటకి వేళ్ళు జారుతున్నాయి. ఆ హాస్టల్ పిల్లాడు తన పడవ వదిలి వచ్చి, కింద కూర్చుని ఆ నట్టు వీడికి బిగించి ఇచ్చాడు. ఇద్దరూ ఒకే చోటు కోసం పోటీ పడుతున్నారు, గుర్తుంచుకోండి. కోచ్ స్టాప్‌వాచ్ మెడలో వేసుకుని మాట్లాడకుండా చూస్తున్నాడు.

రెండో పందెంలో తేడా రెండు పొడవులు దాటిపోయింది. అంటే మా పొడుగువాడు నెగ్గాడు. మళ్ళీ పాత చోట్లకి వెళ్ళి, ఈసారి మా ఎదురింటి పిల్లాణ్ణీ, రెండో హాస్టల్ కుర్రాణ్ణీ మార్చారు. తేడా అర పొడవుకి పడిపోయింది. గాలి మారిందేమోనని ఇంకోసారి కూడా పెట్టారు, అదే తేలింది. జాబితాలో ఒక పేరు మారింది. మా ఎదురింటివాడు బయటే.

కటక్_కాక్స్
ఇలా చేశారంటే ఆ కోచ్ మంచివాడు. చాలాచోట్ల జాబితా వేశాక ఎవరూ తిరిగి చూడరు. నట్టు బిగించిన ఆ పిల్లాడు ఏమయ్యాడు?

తంపర_నాన్న
వాడి చోటే పోయిందమ్మా. రిజర్వుగా తీసుకెళ్తున్నారు.

ఎర్గో_బాధితుడు
ఇది చదివాక ఎటువైపు మాట్లాడాలో తెలియడం లేదు.

అప్పడాలమ్మ
ఎదురింటి బాబు సంగతి చెప్పండి ముందు.

తంపర_నాన్న
వాడు చిన్న శరీరం, యాభై రెండు కిలోలు. ఆ కోచే వాణ్ణి పిలిచి సీనియర్ ఎయిట్‌కి కాక్స్‌గా వస్తావా అని అడిగాడట. పెద్దవాళ్ళ జట్టుకి కాక్స్ లేడు, ఇన్నాళ్ళూ ఎవరో ఒకర్ని కూర్చోబెట్టి నెట్టుకొస్తున్నారు. వీడేమో ‘నేను లాగడానికి వచ్చాను, కూర్చోడానికి కాదు’ అంటున్నాడు. వాళ్ళ నాన్నైతే ‘జీతం లేని డ్రైవరు ఉద్యోగం’ అని కొట్టిపారేశాడు.

కటక్_కాక్స్
ఆ నాన్న గారికి నా మాటగా చెప్పండి. ఎయిట్ దాదాపు పద్దెనిమిది మీటర్ల పడవ. ఎనిమిది మందీ వెనక్కి తిరిగి కూర్చుంటారు, ఎదర చూసేది ఆ పడవలో కాక్స్ ఒక్కడే. సరంగు గారి మేనల్లుడు అడిగిన ప్రశ్నకి జవాబు కూడా అదే! చుక్కాని ఎక్కువ తిప్పితే పడవ వేగం పోతుంది, తిప్పకపోతే వరస దాటుతుంది. ఎప్పుడు రేటు పెంచాలి, పక్క పడవ ఎక్కడుంది, ఎవరు అలిసిపోయారు, అన్నీ వాడి గొంతు మీదే నడుస్తాయి. మూడు నెలలు లాగి వచ్చినవాడి మాట కంటే నాలుగేళ్ళు లాగిన పిల్లాడి మాట ఆ ఎనిమిది మందీ వింటారు. వాళ్ళకి ఎక్కడ నొప్పి పుడుతుందో వాడికి తెలుసు.

ఇంకోటి. కాక్స్ కనీసం యాభై ఐదు కిలోలు ఉండాలి. తక్కువైతే ఇసుక సంచీ కట్టి తూకం సరిచేస్తారు. అబ్బాయికి మూడు కిలోల సంచీ పడుతుంది. దాన్ని పట్టుకునే తూకానికి వెళ్ళాలి, మర్చిపోతే గొడవ.

బరంపురం_బుల్లోడు
మూడు కిలోల ఇసుక ఎందుకు? అప్పడాలమ్మ గారింట్లో వారం రోజులు భోజనం పెట్టిస్తే సరిపోతుంది.

అప్పడాలమ్మ
తీసుకురండి, పెడతాను.

గోపాల్‌పూర్_సరంగు
మా దాంట్లో చుక్కాని పట్టినోడికే వాటా ఎక్కువ. ఆ నాన్నని ఒకసారి గోపాల్‌పూర్ పంపండి, నేను చెప్తాను.

ఖల్లికోట_మాస్టారు
సరంగు గారూ, మీకొక కబురు. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్ నుంచి తక్కువ బరువు వాళ్ళ పోటీలు తీసేసి బీచ్ స్ప్రింట్ అని కొత్తది పెట్టారు. ఇసుక మీద పరిగెత్తి పడవ ఎక్కాలి, బోయాల మధ్య వంకరటింకరగా 250 మీటర్లు లోపలికి వెళ్ళి, తిప్పుకుని తిన్నగా వెనక్కి రావాలి, దూకి మళ్ళీ ఇసుక మీద పరిగెత్తి బజర్ నొక్కాలి. మగవాళ్ళకి ఒకటి, ఆడవాళ్ళకి ఒకటి, ఇద్దరూ కలిసి ఒకటి. మామూలు సింగిల్ 14 కిలోలైతే ఇది 35 కిలోలు, వెడల్పుగా ఉంటుంది, కెరటాన్ని తట్టుకుంటుంది. ఇందులో మీ గుంటలకి పాఠం ఎవరు చెప్పగలరు?

గోపాల్‌పూర్_సరంగు
ఆగండి ఆగండి. ఇసుక మీద పరిగెత్తడం, కెరటంలో ఎక్కడం, మళ్ళీ పరిగెత్తడం. దీనికి ఒలింపిక్ పతకం ఇస్తారా? ఇది మా ఇంట్లో రోజూ జరిగేదే!

కటక్_కాక్స్
ఇస్తారు. కానీ అక్కడా వెళ్ళే దిక్కుకి వీపు పెట్టే కూర్చోవాలి.

గోపాల్‌పూర్_సరంగు
మేనల్లుడితో మాట్లాడి చెప్తాను.

పర్లాకిమిడి_ప్రసాదు
తంపర_నాన్న గారూ, పూణేకి రైలు చూసుకున్నారా? కోణార్క్ ఎక్స్‌ప్రెస్ బరంపురంలో ఎక్కితే నేరుగా పూణేలో దిగొచ్చు. ఆ దారిలో బెర్తులు చాలా ముందే నిండిపోతాయి.

తంపర_నాన్న
జట్టుకి వాళ్ళే తీశారు. నేనూ, పొడుగువాడి నాన్నా విడిగా చూసుకుంటున్నాం. వెయిటింగ్ లిస్టే ఉంది. మావాడు మాత్రం వెళ్తానన్నాడు. ముగ్గురు ఉన్నారు కదా అన్నాడు. నట్టు బిగించిన పిల్లాడి ఫోన్ నంబరు కూడా తీసుకున్నాడట.

ఎదురింటాయన ఇంకా ఏమీ తేల్చలేదు. పైన అమ్మాయి రాసినదంతా చదివి వినిపించాను. ‘ఆ ఇసుక సంచీ క్లబ్బు ఇస్తుందా, మనమే కుట్టించుకోవాలా’ అని మాత్రం అడిగాడు.

కటక్_కాక్స్
మీరే కుట్టించండి. కాన్వాసు గుడ్డ, రెండు వరసల కుట్టు, ఇసుక బాగా ఎండినది పోయాలి. తడి ఇసుకైతే ఆరాక తూకం తగ్గిపోతుంది.